అక్క బండికి ఒక గుటక

గుటక మేస్త్రికి ముక్కు మీద కోపం. "మేస్త్రీ, బండి స్టార్ట్ కావడం లేదు" అంటూ ఎవరైనా వస్తే పరవాలేదు, స్టూలు చూపించి కూర్చోమంటాడు. "స్క్రూలు నేనే కాస్త అటూ ఇటూ తిప్పి చూశాను" అన్నారో, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. "తిప్పావా? మరి నా దగ్గరికెందుకు వచ్చావు నాయనా? మిగతావి కూడా నువ్వే తిప్పుకో!" అని వీధి మలుపుదాకా వినబడేలా కేకలేస్తాడు. కేకలేస్తూనే కార్బురేటర్ విప్పేస్తాడు. కేకలు అయిపోయేసరికి పెట్రోలు చిమ్మే ఒక జెట్టు కడగడం కూడా అయిపోతుంది. ఆయన తిట్లు కూడా మరమ్మతులో భాగమేనని పాత గిరాకీలకు తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఆయన దుకాణం తాళాలు చేసేవాడి కొట్టుకీ, పుస్తకాలు బైండు చేసేవాడి కొట్టుకీ మధ్య ఇరుక్కుపోయిన పొడుగాటి గది. ఒక పక్కంతా బల్ల. బల్ల మీద రేకు ట్రే, ట్రేలో కిరోసిన్, అందులో మునిగిన కార్బురేటర్ ముక్కలు. సీసా మూతల్లో రకరకాల జెట్లు ఉంటాయి. వాటి రంధ్రాలు ఎంత సన్నవంటే, వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూస్తే గాని కనబడవు. పాత మోటారు సైకిళ్ల కార్బురేటర్లు తప్ప ఆయన ఇంకోటి ముట్టుకోడు. చెయిను ఊడిందంటే, "చెయిన్లవాడి దగ్గరికి పో" అంటాడు. బ్రేకు పట్టడం లేదంటే, "అయితే నెమ్మదిగా పో" అంటాడు.

గుటక అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదని వేరే చెప్పాలా! పికప్ లేదని ఎవరొచ్చినా సరే, విన్నా వినకపోయినా, ఆయన ఒకటే పాఠం చెబుతాడు.

"నువ్వు ఒక్కసారిగా రేజ్ ఇచ్చావనుకో. కార్బురేటర్ గొంతు బార్లా తెరుచుకుంటుంది. గాలి తేలిక కదా, ఒక్క ఉరుకున లోపలికి దూరేస్తుంది. పెట్రోలు బరువు. అది కిందున్న గిన్నెలోంచి పైకి రావాలి, బద్ధకంగా కదులుతుంది. ఆ రెప్పపాటులో ఇంజనుకి గాలే గాని తిండి ఉండదు. తుమ్ముతుంది, లేదా ఆగిపోతుంది. అందుకని ఈ పక్కన ఓ చిన్న పంపు పెట్టారు. ఇదిగో, ఇది రబ్బరు పొర. దీని వెనక కాసిని పెట్రోలు చుక్కలు. నువ్వు రేజ్ తిప్పగానే ఈ కడ్డీ వచ్చి పొరని నొక్కుతుంది. నొక్కితే, అదిగో ఆ వెంట్రుకంత గొట్టంలోంచి ఒక్క గుటక పెట్రోలు సర్రున గొంతులో పడుతుంది. అసలు పెట్రోలు వచ్చి అందుకునేదాకా ఆ గుటకే ఇంజనుకి ప్రాణం. రేజ్ వదిలేశావనుకో, పొర వెనక్కి పోతుంది, మళ్లీ నిండుతుంది. మళ్లీ తిప్పితే మళ్లీ గుటక. చుట్టాలు చెప్పా పెట్టకుండా వచ్చిపడితే, వంటయ్యేలోపల చేతికి మంచినీళ్లిస్తామా లేదా? అంతే!"

ఇంతా చెప్పి, అర్థం కానివాళ్ల కోసం తానే తల పైకెత్తి ఒక గుటక మింగి చూపిస్తాడు. గొంతు మీద ముడి పైకీ కిందికీ కదులుతుంది. అది చూసి నవ్వుకున్న ఏ పుణ్యాత్ముడో ఈ పేరు పెట్టాడు. మొదట్లో చిరాకు పడ్డాడు గాని, పోనుపోను ఆయనకే ముద్దొచ్చి దుకాణం బోర్డు మీద కూడా రాయించుకున్నాడు.

అయితే ఒక మాట చెప్పుకోవాలి. ఈ గుటక పిచ్చి ఆయనకి మరీ ముదిరిపోయింది. బండి ఎక్కడ తడబడినా దానికి దాహమే కారణమని ఆయన నమ్మకం. కదలగానే తుమ్మిందా, గుటక చాలలేదు. ఎత్తు ఎక్కలేకపోయిందా, గుటక చాలలేదు. చాలాసార్లు అది నిజమే అవుతుంది కాబట్టి ఆ నమ్మకం కాస్తా గీర అయి కూర్చుంది. ఆ గీర సొంత అక్క దగ్గరే దిగింది.

మేస్త్రి అక్క లాండ్రీ నడుపుతుంది. ఆసుపత్రి దుప్పట్లు, రెండు హోటళ్ల తువ్వాళ్లు ఆవిడే ఉతికి ఇస్తుంది. ఇచ్చి రావడానికి ఆవిడకో పాత మోటారు సైకిలు, దాని పక్కన అతికించినట్టు ఒంటి చక్రం మీద తొట్టిలాంటి సైడ్‌కారు. అరవై దాటినా బండి మీద ఆవిడే ఉంటుంది. బావ బతికున్న రోజుల్లో కూడా అంతే. ఆయనకి సైకిలు తొక్కడం కూడా రాదు, పాపం. పెళ్లాం బండి మీద దూసుకుపోతుంటే ఆయన గోడ వారగా నడిచి వచ్చేవాడు.

ఆ బండెక్కినప్పుడు అక్క మొహం చూడాలి. నీళ్లతొట్ల దగ్గర, ఇస్త్రీ బల్లల దగ్గర ఆవిడ కూడా అందరిలాంటి మనిషే, నడుము పట్టుకుని మూలుగుతుంది. హ్యాండిల్ పట్టుకుందంటే మాత్రం ఆ మూలుగు ఎటు పోతుందో తెలియదు! ఆసుపత్రి వెనక గేటు కాపలావాడితో పరాచికాలు, హోటలు వంటవాళ్లతో యోగక్షేమాలు, దారిలో ఎవరి కూతురికి నెల తప్పింది, ఎవరి మొగుడు అలిగి వెళ్లాడు, అన్నీ ఆ బండి మీదే. ఆవిడకి ఊరంటే ఆ దారి. బండి పోతే ఊరు పోయినట్టే.

ఆ బండికే ఇప్పుడు గండం వచ్చింది. చౌరస్తాలో పచ్చలైటు పడగానే అక్క రేజ్ ఇచ్చింది. బండి కదిలినట్టే కదిలి, గొంతు పట్టేసినట్టు మూలిగి, నడిరోడ్డు మీద చతికిలబడింది. వెనక వస్తున్న లారీ కీచుమంటూ ఆగింది. బంపరు వచ్చి వెనకాల కట్టిన మూటకి తగిలిందట, మూటకి మాత్రమే. లారీ డ్రైవరు దిగి, బండిని తోసుకుంటూ లాండ్రీదాకా వచ్చి అప్పజెప్పి, "మీ అమ్మగారు జాగ్రత్తండీ, నా గుండె ఇంకా కొట్టుకుంటోంది" అని కూతురితో చెప్పి వెళ్లాడు.

కూతురు, అంటే మేస్త్రికి మేనకోడలు, లాండ్రీలో ఇస్త్రీ పనంతా చూస్తుంది. మెతక మనిషే, కాని తల్లి విషయంలో మొండిఘటం. "అమ్మా, ఇంక చాలు. ఆ హోటలు మేనేజరు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు కదా, హాల్లో పెట్టుకుంటానని. ఇచ్చేద్దాం. మూటలకి వ్యాను పెట్టుకుందాం" అంది.

"హాల్లో పెట్టుకుని ఏం చేస్తాడు?"

"సైడ్‌కారులో పూలకుండీలు పెడతాడట."

అక్కకి ఒళ్లు మండిపోయింది. తల్లీకూతుళ్లు ఒక పూటంతా మాట్లాడుకోలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆదివారం మేనేజరు వస్తాడు. ఈలోపల మావయ్య బండి బాగు చేస్తే సరే. ఆదివారం కూతుర్ని ఎక్కించుకుని అక్క చౌరస్తా దాటాలి. అక్కడ బండి ఇంకొక్కసారి తడబడిందా, పూలకుండీలే. అక్క మాట ఇచ్చిందంటే ఇచ్చిందే. అందుకే తమ్ముడి దుకాణం ముందు బండి ఆపి, "ఒరేయ్, నా పరువు నీ చేతుల్లో ఉంది" అంది.

"ఇదెంత పనక్కా! గుటక చాలడం లేదంతే" అన్నాడు మేస్త్రి, కార్బురేటర్ వైపు తిరిగి చూడకుండానే.

పంపు విప్పాడు. పాత పొర తీసి కొత్తది వేశాడు, గొట్టం కడిగాడు. తానే ఎక్కి వీధి చుట్టూ తిరిగొచ్చాడు. బండి బాణంలా పోయింది. అక్క తీసుకెళ్లింది, సాయంత్రానికల్లా తిరిగొచ్చింది. "చౌరస్తాలో మళ్లీ పడుకుందిరా." అయితే ఇంకాస్త పెద్ద గుటక కావాలన్నాడు. కడ్డీ సర్ది, పొర ఇంకొంచెం లోతుగా నొక్కేలా పెట్టాడు. తాను నడిపితే మళ్లీ బాణమే. అక్క నడిపితే మళ్లీ మూలుగే, పైగా ఈసారి నల్లటి పొగ కూడా. మూడోసారి గొట్టమే మార్చి, ఇంకాస్త లావుది పెట్టాడు. "ఇప్పుడు ఏనుగు దాహమైనా తీరుతుంది, పో" అన్నాడు. మర్నాడు పొద్దున్న అక్క మొహం మాడ్చుకుని వచ్చింది.

"ఇదివరకు దగ్గేది. ఇప్పుడు ఊపిరే ఆడటం లేదు దానికి."

ప్లగ్గు తీసి చూశాడు. కాటుకలా మసి పట్టేసి ఉంది. ఇంకెవరి బండి అయినా ఆ మసి చూడగానే, "పెట్రోలు ఎక్కువైంది" అని కళ్లు మూసుకుని చెప్పేవాడు. కాని గుటక ఎక్కువైందని గుటక మేస్త్రి ఒప్పుకుంటాడా? "మూటల బరువేసుకుని నత్తలా నడిపితే మసి పట్టక ఏం చేస్తుంది" అని తుడిచి పెట్టేశాడు. కళ్లెదురుగా జవాబు నల్లగా కనబడుతుంటే గుడ్డతో తుడిచేసిన మనిషిని ఏమనాలి చెప్పండి!

పైగా నోరు జారాడు. "నేను నడిపితే బాగానే ఉందక్కా. లోపం బండిది కాదు. నీకే నడపడం రావట్లేదు."

అక్క అలా చూస్తూ ఉండిపోయింది. ఎప్పుడూ అయితే ఒకటికి నాలుగు అనేది. ఈసారి కాసేపు మాట రాలేదు. తర్వాత తేరుకుని, "నాకు నడపడం వచ్చేనాటికి నీకు ముక్కు తుడుచుకోవడం రాదు. నాతో వచ్చి చూడు, అప్పుడు వాగు" అంది.

రావడం మాట సరే, కూర్చోవడం ఎక్కడ? వెనక సీటు తీసేసి మూటలు కట్టే స్టాండు పెట్టించింది. సైడ్‌కారులో ఉతికిన దుప్పట్లు. వాటి మీద మనిషి కూర్చుంటే ఆవిడ ఊరుకోదు, దేశాన్నేలే రాజైనా సరే దిగి నడవాల్సిందే. కాబట్టి మేస్త్రి ఆసుపత్రిదాకా నడిచి వెళ్లి, అక్క శుభ్రమైనవి అప్పజెప్పేదాకా వెనక గేటు దగ్గర కాచుకుని, తిరుగు ప్రయాణంలో మాసిన దుప్పట్ల మధ్య కూర్చున్నాడు. మందుల వాసన, ఇంకా చెప్పుకోకూడని వాసనలు గుప్పుమన్నాయి. కాపలావాడు పళ్లికిలించాడు. "ఇతన్ని కూడా ఉతకాలా అమ్మా?"

"ఉతికి, గంజి పెట్టి, ఆరేయాలి" అంది అక్క కిక్ కొడుతూ.

సైడ్‌కారు నేలకి దగ్గరగా ఉంటుంది. అందులో ఒదిగి కూర్చుంటే మేస్త్రి కళ్లు సరిగ్గా కార్బురేటర్ ఎత్తున ఉన్నాయి. నడుస్తున్న బండిలో ఎదురుగా కూర్చుని కార్బురేటర్ని చూడటం ఆయన జన్మలో అదే మొదలు. పిల్లాడిలా మురిసిపోయాడు. వీధిలో పోతున్నంతసేపు అంతా లక్షణంగానే ఉంది. అక్క రేజ్ పెంచితే కడ్డీ వంగుతోంది, పొర నొక్కుతోంది, వదిలితే వెనక్కి వస్తోంది.

చౌరస్తాలో ఎర్రలైటు పడింది. బండి ఆగింది. కడ్డీ మాత్రం ఆగలేదు.

మేస్త్రి ముందుకి వంగాడు. పిచ్చుక గింజలు ఏరుకున్నట్టు కడ్డీ తల ఊపుతూనే ఉంది. బండి కదలడం లేదు, రేజ్ పెరగడం లేదు, కడ్డీ మాత్రం టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది. కొట్టుకున్నప్పుడల్లా లోపల ఒక గుటక. నిలబడి ఉన్న బండి గొంతులో గుటక మీద గుటక! దాహం కాదురా నాయనా, ముంచేస్తున్నారు దాన్ని. ఆయన గుటక పెద్దది చేసినకొద్దీ ఇంకా ముంచుతున్నాడు. ఇంత పెట్రోలు ఎవరు తిప్పి పోస్తున్నారా అని కడ్డీ నుంచి రేజ్ తీగ వెంబడి చూపు పైకి పోనిచ్చాడు.

అక్క చెయ్యి వణుకుతోంది.

పెద్ద వణుకేమీ కాదు. మణికట్టు దగ్గర సన్నగా, ఆగకుండా. ఆవిడ హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుంటోంది, గట్టిగా పట్టినకొద్దీ వణుకు ఇంకా ఎక్కువవుతోంది. కళ్లు మాత్రం ఎర్రలైటు మీదే ఉన్నాయి. అమ్మ పనికి పోతే తనని చంకనేసుకుని వీధులన్నీ తిప్పిన చెయ్యి అది. బడిలో తనని కొట్టినవాడి చెవి మెలేసిన చెయ్యి అది.

పచ్చలైటు పడింది. బండి నల్లగా దగ్గి, మూలిగి, ఎలాగోలా చౌరస్తా దాటింది.

"చూశావా?" అంది అక్క, వెనక్కి తిరగకుండానే.

"చూశానక్కా."

"లోపం ఏమిటో తెలిసిందా?"

"తెలిసినట్టే ఉంది. ఇంటికెళ్లి ఆలోచిస్తాను" అన్నాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర మేస్త్రి కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాడు. భార్య రెండుసార్లు చూసి, మూడోసారి అడిగేసింది.

"ఏమైందండీ? కూరలో ఉప్పెక్కువైందా?"

"అక్క చెయ్యి వణుకుతోంది."

"ఆ, తెలుసు."

"నీకెలా తెలుసు?"

"మొన్న మనింటికొచ్చినప్పుడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది కదా. మీ కళ్లకి ఇంజన్లు తప్ప ఇంకేం కనబడతాయి గనక!"

"పాపం, అక్కకి తెలియదేమో."

"చోద్యం కాకపోతే, ఆవిడ చెయ్యి ఆవిడకి తెలియకుండా ఉంటుందా?"

"తెలిస్తే మరి నాచేత మూడుసార్లు కార్బురేటర్ ఎందుకు విప్పించింది?"

భార్య గిన్నె మీద మూత పెడుతూ, "బండిలో లోపం ఉన్నంతకాలం చేతిలో లేనట్టేగా" అంది.

మేస్త్రికి ఇక అన్నం సహించలేదు. నడపడం రావట్లేదన్నప్పుడు అక్క ఎందుకు మాట్లాడలేకపోయిందో అప్పుడు అర్థమైంది. తన నోరు తానే కొట్టుకోవాలనిపించింది.

శనివారం లాండ్రీకి తానే వెళ్లాడు. వెనక గోడ దగ్గర, ఆరేసిన దుప్పట్ల నీడలో బండి పెట్టించి, కింద గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. లావు గొట్టం తీసేసి పాతది పెట్టాడు. పొర నొక్కుడు మామూలుకి తెచ్చాడు. ఆ తర్వాత ఇంతకాలం ఎవరి బండికీ చేయని పని ఒకటి చేశాడు. పంపుని నొక్కే కడ్డీ చివర ఒక చిన్న నట్టు ఉంటుంది. ఆ నట్టుని వెనక్కి తిప్పి, కడ్డీకీ పంపుకీ మధ్య కాస్త ఖాళీ వదిలాడు. ఇప్పుడు రేజ్ కొద్దిగా అటూ ఇటూ కదిలితే కడ్డీ ఆ ఖాళీలోనే ఊగుతుంది, పొరని తాకదు, గుటక పడదు. గట్టిగా ఒక్కసారిగా తిప్పితేనే తాకుతుంది. చెయ్యి ఎంత వణికినా బండికి తెలియదు.

అక్క తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

"ఏం చేశావురా?"

"కడ్డీ దగ్గర కొంచెం ఖాళీ వదిలాను."

"ఎంత వదిలావు?"

మేస్త్రి స్పానరు తుడిచి సంచీలో పెట్టుకున్నాడు. "నీకు సరిపడా."

ఆవిడ తమ్ముడి మొహంలోకి చూసింది. ఆయన గోనెపట్టా మడతపెట్టడంలో మునిగిపోయాడు. ఇంకేమీ అడక్కుండా ఆవిడ బండెక్కి చౌరస్తాదాకా వెళ్లి తిరిగొచ్చింది. తుమ్ము లేదు, మూలుగు లేదు, పొగ లేదు. "బాగుందిరా" అంది. ఆ మాట కోసమే మూడుసార్లు కార్బురేటర్ విప్పినవాడికి ఎగిరి గంతెయ్యాలనిపించాలి కదా. సంతోషం వేసిన మాట నిజమే గాని, అది గొంతు దిగి కడుపులోకి పోలేదు.

ఆదివారం హోటలు మేనేజరు దిగాడు. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, అదీ ఈ లాండ్రీలోనే. చేతిలో కొలిచే టేపు. సైడ్‌కారు పొడవు, వెడల్పు కొలుస్తూ, "గులాబీలు బావుంటాయా, చామంతులా?" అని మేస్త్రినే అడిగాడు.

"ముళ్లున్నవి ఏవైనా బావుంటాయి" అన్నాడు మేస్త్రి.

మేనకోడలు సైడ్‌కారులో కూర్చుని చేతులు కట్టుకుంది. ఆ మొహం చూస్తే బండి తడబడాలని ఉన్నట్టూ లేదు, తడబడకూడదని ఉన్నట్టూ లేదు. తల్లి మీద బెంగ తప్ప ఆ పిల్లకి ఇంకో ఆలోచన లేదు. అక్క తలకి గుడ్డ కట్టుకుని కిక్ కొట్టింది. లాండ్రీ గుమ్మంలోంచి చూస్తే వీధి చివర చౌరస్తా కనబడుతుంది. బండి వెళ్లి ఎర్రలైటు దగ్గర నిలబడింది. మేస్త్రి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆ లైటు ఎప్పటికీ మారదేమో అనిపించింది. మారింది. బండి మెత్తగా, ఏ హడావుడీ లేకుండా ముందుకి సాగిపోయింది. మేనేజరు టేపు చుట్టేశాడు.

చుట్టు తిరిగి వాకిట్లోకి వచ్చేసరికి మేనకోడలి మొహం విప్పారిపోయి ఉంది. సైడ్‌కారులోంచి దూకి, "మావయ్యా, నీ చేతులకి దండం పెట్టాలి! కొత్త బండిలా ఉంది" అని, మేనేజరు వైపు తిరిగి, "ఏమీ అనుకోకండి, బండి ఇవ్వడం లేదు" అంది.

అక్క బండి దిగలేదు. ఇంజను ఆపి, హ్యాండిల్ మీద చేతులు అలాగే ఉంచి కూర్చుంది.

"ఇలా రావే. నా చెయ్యి చూడు."

కూతురు చూసింది. మొదట అర్థం కాలేదు. తర్వాత ఆ వణుకుతున్న చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఎన్నాళ్లనుంచమ్మా?"

"చాలా రోజులైంది. ఆసుపత్రికి రోజూ పోతూనే ఉంటాగా, డాక్టరమ్మకి చూపించాను. వయసుతో కొందరికి వస్తుందట. ప్రాణానికేమీ కాదంది, నువ్వు ఏడుపు మొహం పెట్టకు." అక్క తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, నిన్నటిదాకా నా చెయ్యి వణికితే బండి చెప్పేసేది. దగ్గేది, మొరాయించేది. నాకు కోపమొచ్చేది గాని, అది చెప్పింది నిజమే. నువ్వు దాని నోరు నొక్కేశావు. ఇప్పుడు ఆ లైటు దగ్గర చెయ్యి ఆడుతూనే ఉంది, బండి మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉంది. పక్కన చూస్తే ఈ పిల్ల కూర్చుని ఉంది. నాకు భయమేసిందిరా. లారీ వచ్చినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు."

"నీ బండి పోకూడదనక్కా..." అన్నాడు మేస్త్రి, చిన్నపిల్లాడిలా.

"నాకు తెలియదా! నీ మీద కోపం లేదురా. నాకోసం చేశావు."

మేనేజరు ఒకడుగు ముందుకేసి మర్యాదగా దగ్గాడు. "అయితే అమ్మగారూ, బండి..."

"బండికేం రోగం?" అంది అక్క, పాత గొంతుతో. "బండి లక్షణంగా ఉంది. మీరు కుర్చీల్లో పెట్టుకోండి కుండీలు." కిందికి దిగి, కూతుర్ని హ్యాండిల్ వైపు తోసింది. "ఎక్కు. స్కూటరు నడుపుతావుగా, ఇదీ అంతే. కాకపోతే ఇది పక్కకి లాగుతుంది, మీ నాన్నలాగే. గట్టిగా పట్టుకోవాలి."

"నేనా? అమ్మో, నావల్ల కాదు!"

"నేను పక్కన కూర్చుంటాగా. దారీ మనుషులూ నావి, రేజ్ నీది."

కూతురు భయం భయంగా ఎక్కింది. కిక్ రెండోసారికి అందుకుంది. క్లచ్చు వదులుతూ జాగ్రత్తగా, పొదుపుగా రేజ్ తిప్పింది. బండి ఫటుక్కున తుమ్మి ఆగిపోయింది. మళ్లీ కొట్టింది, మళ్లీ తుమ్ము. ఆ పిల్ల చెయ్యి కుదురైన చెయ్యి, మెల్లగా తిప్పే చెయ్యి. ఆ ఖాళీ దాటి పంపుని అందుకోవడం లేదు. ఇంజనుకి గాలే గాని తిండి లేదు. ఈసారి ఇది నిజంగా దాహమే. అది ఎందుకో ఆ వాకిట్లో అక్కాతమ్ముళ్లిద్దరికే తెలుసు.

మేస్త్రి సంచీలోంచి స్పానరు తీసి బండి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. నట్టు మీద పెట్టాడు గాని తిప్పలేకపోయాడు. ఒకసారి ఆ ఖాళీ తీసేస్తే, ఇక అక్క ఈ బండి మీద చౌరస్తా దాటలేదు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎవరి చేతికి పెట్టమంటావక్కా?"

అక్క కుడిచేత్తో పెట్రోలు ట్యాంకుని ఒకసారి నిమిరింది. వణుకుతున్న చేత్తోనే, దాచుకోకుండా నిమిరింది.

"దాని చేతికి పెట్టరా."

మేస్త్రి కళ్లు మసకేశాయి. మసక కళ్లతోనే, కొనవేళ్లతో తడుముకుంటూ, నట్టు ముందుకి తిప్పాడు. ఖాళీ అంతా పోయి కడ్డీ పంపుకి ఆనుకుంది. లేచి, మోచేత్తో మొహం తుడుచుకుని, "తిప్పమ్మా, భయపడకు" అన్నాడు.

బండి ఈసారి తుమ్మలేదు. అక్క అప్పటికే సైడ్‌కారులో సర్దుకుని కూర్చుని, ఒక చెయ్యి అంచు మీద వేసుకుంది. వాకిలి దాటుతుండగానే ఆవిడ గొంతు వీధంతా వినబడింది.

"క్లచ్చు అంత గబుక్కున వదలకే! ఎదురుగా చూడు, నన్ను కాదు. ఆ మూల ఇంటి దగ్గర ఆపు, ఆవిడ కూతురికి నెలలు నిండాయి, ఎలా ఉందో కనుక్కోవాలి."